దివాలా తీసిన ఊరికి మురుగు గొట్టాలు - మెంఫిస్, 1880

ఈ వారం మనం చెప్పుకోబోయేది మురుగు గొట్టాల కథ. భోజనం చేస్తూ వింటున్నవాళ్ళు ఏమీ అనుకోకండి, రేడియో కాబట్టి వాసన రాదు.

మెంఫిస్ అనగానే మనవాళ్ళకి ముందు ఫెడెక్స్ గుర్తొస్తుంది. దాని పుణ్యమా అని ఆ ఊళ్ళో కొన్నాళ్ళయినా ఉండి వచ్చిన తెలుగు కన్సల్టెంట్లు చాలామందే ఉన్నారు. తరవాత ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు, మార్టిన్ లూథర్ కింగ్ ని కాల్చి చంపిన లొరైన్ మోటెల్. నేనూ ఒక ప్రాజెక్టు మీద అక్కడ కొంతకాలం ఉన్నాను. ఊళ్ళో ఎల్మ్‌వుడ్ అని ఒక పాత శ్మశానం ఉంది. పెద్ద పెద్ద చెట్లు, పాలరాతి సమాధులు. మధ్యలో ఒకచోట మాత్రం సమాధులేవీ లేకుండా పచ్చిక ఉంటుంది. 1870లలో యెల్లో ఫీవర్ తో పోయినవాళ్ళని, పేరు రాసిపెట్టే తీరిక కూడా లేక, అక్కడ కలిపి పాతిపెట్టారు. మెంఫిస్ కి మురుగు గొట్టాలు ఎలా వచ్చాయో చెప్పాలంటే ఆ పచ్చిక దగ్గరే మొదలుపెట్టాలి.

మెంఫిస్ 1819లో మిసిసిపీ నది ఒడ్డున, గట్టు మీద కట్టిన ఊరు. ఈజిప్టులో నైలు ఒడ్డున ఉన్న పాత రాజధాని పేరు పెట్టుకున్నారు. పత్తి వ్యాపారంతో పెరిగింది. 1870 జనాభా లెక్కల ప్రకారం 40,226 మంది. అంటే మన వైపు ఒక మధ్యరకం మునిసిపాలిటీ అంత. ఊరి మధ్యగా గయోసో అనే వాగు పారేది. మరుగుదొడ్లలోది, పశువుల కొట్టాల్లోది, కసాయి దుకాణాల్లోది, అంతా ఆ వాగులోకే. వానాకాలం కొట్టుకుపోయేది, ఎండాకాలం నిలబడిపోయి కుళ్ళేది. డబ్బున్న కొద్దిమంది తమ ఇళ్ళకీ హోటళ్ళకీ సొంతంగా గొట్టాలు వేయించుకున్నారు. మిగతా ఊరికి పెరట్లో గొయ్యి తప్ప మరేమీ లేదు. ఆ గొయ్యికి రెండు మూడు బారల దూరంలోనే తాగేనీళ్ళ బావో, వాన నీళ్ళు పట్టుకునే తొట్టో ఉండేది. ఈ తొట్టి సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఊరికి డబ్బు లేక కాదు. అంతర్యుద్ధం అయిపోయాక మెంఫిస్ విచ్చలవిడిగా అప్పులు చేసింది. రైలు కంపెనీలకి ఇచ్చింది. వీధులకి నికల్సన్ పేవ్‌మెంట్ అని చెక్క దిమ్మలు పరిపించింది. రాయి ఖరీదు, చెక్క చవక, పైగా బండ్లు నడిస్తే చప్పుడు ఉండదు అన్నారు. మెంఫిస్ వానలకీ ఉక్కకీ ఆ దిమ్మలు కొన్నేళ్ళకే కుళ్ళిపోయాయి. కుళ్ళిన చెక్క సందుల్లోకి మురుగు దిగింది. రోడ్లు పోయాయి, వాటి కోసం అమ్మిన బాండ్ల మీద వడ్డీ మాత్రం మిగిలింది. 1873లో దేశమంతా ఆర్థిక సంక్షోభం. అదే ఏడాది మెంఫిస్ లో కలరా, మశూచి, యెల్లో ఫీవర్ మూడూ వచ్చాయి. ఒక్క యెల్లో ఫీవర్ కే సుమారు 2,000 మంది పోయారు. భూగర్భ మురుగు వ్యవస్థ వేయాలన్న ఆలోచన అప్పటికే ఉంది. కాని ఆ కాలపు పద్ధతిలో, మనిషి నడవగలిగినంత ఇటుక సొరంగాలు కట్టాలంటే అయ్యే ఖర్చు చూసి ప్రతిసారీ వాయిదా వేశారు.

1878 ఆగస్టు 13న, నది ఒడ్డున చిన్న ఫలహారశాల నడిపే కేట్ బియోండా అనే ఆవిడ చనిపోయింది. ఆ ఏడాది మెంఫిస్ లో యెల్లో ఫీవర్ తో చనిపోయినట్టు నమోదైన మొదటి మనిషి ఆవిడ. రెండు వారాల్లో దాదాపు 25,000 మంది ఊరు విడిచి పారిపోయారు. బండి దొరికినవాళ్ళు, టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు, బయట ఊళ్ళలో చుట్టాలున్నవాళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు తుపాకులు పట్టుకుని రైళ్ళని ఆపనివ్వలేదు. వెనక మిగిలింది సుమారు 20,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు, మిగతావాళ్ళలో చాలామంది బీద ఐరిష్ కుటుంబాలు. ఆ 20,000 మందిలో దాదాపు 17,000 మందికి జ్వరం వచ్చింది. 5,000 మందికి పైగా చనిపోయారు. నల్లవాళ్ళతో పోలిస్తే తెల్లవాళ్ళలో చావులు చాలా ఎక్కువ. ఊరిని దొంగల నుంచి కాపాడింది నల్ల సైనికుల దళాలు. జబ్బుపడ్డవాళ్ళకి సేవ చేస్తూ ఎపిస్కోపల్ సన్యాసినులు, కేథలిక్ ఫాదరీలు, డాక్టర్లు ఎంతోమంది పోయారు. దగ్గర్లోని హోలీ స్ప్రింగ్స్ లో అదే జ్వరానికి తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పదహారేళ్ళ పిల్ల ఒకామె తరవాత మెంఫిస్ వచ్చి టీచరై, పత్రిక నడిపి, నల్లవాళ్ళ మీద జరిగే హత్యల గురించి ప్రపంచానికి చెప్పింది. ఆమె ఐడా బి. వెల్స్.

అక్టోబరులో మంచు పడ్డాక జ్వరం ఆగింది. పారిపోయినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. పన్ను కట్టేవాడు లేడు, అప్పులవాళ్ళు మాత్రం కోర్టులో కూర్చున్నారు. అప్పుడు మెంఫిస్ చేసిన పని ఇవాళ వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. 1879 జనవరిలో టెన్నెసీ శాసనసభ మెంఫిస్ నగరం చార్టర్ ని రద్దు చేసింది. అంటే చట్టం దృష్టిలో ఆ నగరం లేదు. నగరమే లేకపోతే నగరం చేసిన అప్పు ఎవరు తీర్చాలి? దాని స్థానంలో "టాక్సింగ్ డిస్ట్రిక్ట్" అనే కొత్త ఏర్పాటు వచ్చింది. మేయరు, ఆల్డర్మన్లు పోయి కమిషనర్లు వచ్చారు. పన్ను ఎంత వేయాలో నిర్ణయించే అధికారం ఊరి చేతిలోంచి శాసనసభకి వెళ్ళిపోయింది. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటి ఉంది. ఈ డిస్ట్రిక్ట్ అప్పు చేయకూడదు, బాండ్లు అమ్మకూడదు. ఆ ఏడు వచ్చిన పన్నుతో ఆ ఏడు పని చేసుకోవాలి. అప్పులవాళ్ళు సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. 1880లో మెరివెదర్ కేసులో కోర్టు, వీధులూ రేవులూ లాంటి ప్రజల ఆస్తులని అప్పు కింద జప్తు చేయడానికి వీల్లేదని చెప్పింది. ఆ తరవాతి సంవత్సరాల్లో అప్పులవాళ్ళు చాలామంది తగ్గించిన మొత్తాలకి ఒప్పుకున్నారు.

ఇందులో తెలివి ఉంది, అన్యాయమూ ఉంది. వ్యాపారస్తులు పూనుకుని నడిపించిన మార్పు ఇది. వార్డుల వారీగా ఎన్నికలు పోవడంతో, అప్పటిదాకా కౌన్సిల్లో కాస్తయినా గొంతు ఉన్న ఐరిష్ వాళ్ళకీ నల్లవాళ్ళకీ అది పోయింది. ఊరు విడిచి పోలేక జ్వరాన్ని భరించినవాళ్ళే ఇప్పుడు తమ ఊరి ఖర్చుల్లో మాట లేనివాళ్ళయ్యారు. నాకు ఈ కథలో మింగుడు పడని విషయం ఇదే. అప్పులు ఆపడానికి ఎన్నికలు ఆపాల్సిన అవసరం ఏమిటో ఎంత చదివినా అర్థం కాలేదు.

1879 వేసవిలో జ్వరం మళ్ళీ వచ్చింది. ఈసారి చావులు వందల్లో. ఆ మార్చిలోనే అమెరికా కాంగ్రెస్ నేషనల్ బోర్డ్ ఆఫ్ హెల్త్ అనే సంస్థని పుట్టించింది. ఆ సంస్థ మెంఫిస్ లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయించింది. ఎవరి గొయ్యి ఎక్కడుంది, బావి ఎంత దూరం, నేలమాళిగలో నీళ్ళున్నాయా, ఇంట్లో ఎంతమంది. మా ఐటీ భాషలో రిక్వైర్‌మెంట్స్ అంటామే, అదన్నమాట. ఒక ఊరి పారిశుధ్యాన్ని కాగితం మీద అంత వివరంగా పెట్టడం ఆ దేశంలో అప్పటికి అరుదు.

ఇప్పుడు కథలోకి జార్జ్ వేరింగ్ వస్తాడు. 1833లో పుట్టాడు. వ్యవసాయ శాస్త్రం నేర్చుకుని, హొరేస్ గ్రీలీ అనే పేరుమోసిన పత్రికా సంపాదకుడి పొలం చూసుకున్నాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు కట్టేటప్పుడు ఆ బురద నేలలోంచి నీళ్ళు తీసే పని ఇతనిదే. అంతర్యుద్ధంలో కర్నల్. చదువుకున్న ఇంజనీరు కాడు, మాటకారి, పత్రికల్లో బాగా రాస్తాడు. పెద్ద ఇంజనీర్లకి ఇతనంటే పడేది కాదు. 1870ల నడుమ మాసచూసెట్స్ లో లెనక్స్ అనే చిన్న ఊరికి ఒక కొత్త రకం మురుగు వ్యవస్థ వేసి ఉన్నాడు. 1879 నవంబరులో నాష్‌విల్ లో ఆరోగ్య నిపుణుల సభ జరిగితే అక్కడ మెంఫిస్ కోసం తన పథకం వినిపించాడు.

ఆ కాలంలో పెద్ద నగరాల పద్ధతి ఏమిటంటే, వాన నీళ్ళూ ఇళ్ళ మురుగూ ఒకే సొరంగంలో పోవాలి. షికాగో 1850లలో అలాగే కట్టింది, బ్రూక్లిన్ అలాగే కట్టింది. భారీ వాన నీళ్ళు పట్టాలంటే సొరంగం పెద్దదిగా ఉండాలి. పెద్దదంటే లోతుగా తవ్వాలి, ఇటుకలు, తాపీ మేస్త్రీలు, సంవత్సరాల పని. ఏడాదిలో చాలా రోజులు వాన ఉండదు కాబట్టి ఆ పెద్ద సొరంగం అడుగున మురుగు సన్నని చారలాగా పాకుతూ, ఎక్కడికక్కడ పేరుకుపోతుంది. గంగాళంలో చెంబుడు నీళ్ళు పోసి కడగడం లాంటిది. ఇంగ్లండులో ఎడ్విన్ చాడ్విక్ అంతకు ముందే ఈ పెద్ద ఇటుక కాలువలని విమర్శించి, నున్నటి మట్టి గొట్టాలు చిన్నవి వేయండని పోరాడాడు.

వేరింగ్ అదే ఆలోచనని చివరిదాకా తీసుకెళ్ళాడు. వాన నీళ్ళని వీధి మీదే పోనీయండి, వాగులోకి దానికదే పోతుంది. గొట్టంలోకి ఇళ్ళ మురుగు మాత్రమే రావాలి. అప్పుడు గొట్టం ఎంత ఉండాలి? ఆరంగుళాలు చాలు. ఇంటి నుంచి వచ్చే గొట్టం నాలుగంగుళాలు. నాలుగంగుళాల్లో పట్టి వచ్చింది ఆరంగుళాల్లో ఎందుకు ఇరుక్కుంటుంది అని ఆయన లెక్క. వీధి గొట్టాలు కలిసేచోట కొంచెం పెద్ద గొట్టాలు. అన్నీ కాల్చిన మట్టివి, లోపల గాజులాగా నున్నటి పూత. ప్రతి వీధి గొట్టానికీ మొదట్లో, భూమిలో ఒక తొట్టి. ఇంగ్లండు ఇంజనీరు రోజర్స్ ఫీల్డ్ కనిపెట్టిన సైఫన్ అందులో ఉంటుంది. కొళాయి నుంచి సన్నగా నీళ్ళు పడుతూ తొట్టి నిండుతుంది. నిండగానే 112 గాలన్లు, అంటే మన లెక్కలో 420 లీటర్ల పైచిలుకు, ఒక్కసారిగా గొట్టంలోకి దూకి కడిగేస్తుంది. రోజుకి ఒకసారి, మనిషి చెయ్యి పడకుండా. మన బాత్రూములో ఫ్లష్ టాంకు ఉందే, ఒక వీధి మొత్తానికి అలాంటిది ఒకటి పెట్టాడనుకోండి.

గొట్టాల పక్కనే మామూలు మట్టి గొట్టాలు కూడా వేయించాడు, భూమిలో ఊరే నీళ్ళు తీసేయడానికి. తడి నేల నుంచి విషగాలి పుడుతుందని ఆయన నమ్మకం. ఆయనదే కాదు, ఆ కాలం డాక్టర్లలో చాలామంది నమ్మకం.

ఇంజనీర్లు ఈ పథకం మంచిదా చెడ్డదా అని వాదించుకున్నారు. ఊరికి అంత వ్యవధి లేదు. అప్పు చేసే హక్కు లేని ఊరు, ఇటుక సొరంగం కలలో కూడా కట్టలేదు. సొరంగంలో ఉన్న ఇంకో చిక్కు ఏమిటంటే, సగం కట్టి ఆపితే సగం కూడా పనికిరాదు. వేరింగ్ గొట్టాలు అలా కాదు. పెద్ద గొట్టం ఒకటి వేసుకుంటే, ఈ ఏడాది పన్నుకి పది వీధులు, వచ్చే ఏడాది పన్నుకి ఇంకో పది. ఏ వీధికి వేస్తే ఆ వీధి అప్పుడే వాడుకోవచ్చు. చేతిలో ఉన్న డబ్బే ఇక్కడ గొట్టం కొలతని తేల్చింది. శాసనసభ ప్రత్యేక పన్నుకి అనుమతి ఇచ్చింది. ఇంటి స్థలాల మీద, వ్యాపారాల మీద పన్ను. 1880 జనవరిలో తవ్వడం మొదలుపెట్టారు. కొత్త వ్యవస్థ వేసిన వీధుల్లో పాత గోతులు పూడ్చేయాలి, గొట్టానికి కలుపుకోవాలి అని నిబంధన పెట్టారు.

ఖర్చు తగ్గించడానికి ఏమేం వదిలేశారో కూడా చెప్పుకోవాలి. వాన నీటిని వదిలేశారు, అది సరే. మాన్‌హోళ్ళు కూడా వదిలేశారు. ఫ్లష్ తొట్టి రోజూ కడుగుతుంది కదా, మనిషి దిగి చూడాల్సిన పనేముంది అన్నాడు వేరింగ్. కాని జనం గొట్టంలో ఏం వేస్తారో ఆయన లెక్కలో లేదు. గుడ్డ పీలికలు, కర్రపుల్లలు, ఎముకలు. ఆరంగుళాల గొట్టం మూసుకుపోయింది. ఎక్కడ మూసుకుందో తెలియదు, చూడటానికి కన్నం లేదు. రోడ్డు తవ్వి గొట్టం పగలగొట్టి తీయాల్సి వచ్చేది. తరవాత మాన్‌హోళ్ళు కట్టించుకున్నారు. ఈ దేశంలో ఇవాళ వీధి మురుగు గొట్టం మామూలుగా ఎనిమిది అంగుళాలకి తగ్గకుండా ఉంటుంది. ఆ రెండంగుళాలు మెంఫిస్ లాంటి ఊళ్ళ అనుభవం నుంచి వచ్చినవే.

నేషనల్ బోర్డు రుడాల్ఫ్ హెరింగ్ అనే ఇంజనీరుని యూరప్ పంపించింది, అక్కడి నగరాలు ఏం చేస్తున్నాయో చూసి రమ్మని. ఆయన 1881లో ఇచ్చిన నివేదిక నిదానంగా, పక్షపాతం లేకుండా ఉంటుంది. కిక్కిరిసిన పెద్ద నగరాలకి కలిపి తీసుకెళ్ళే సొరంగం, వాన నీళ్ళు వీధి మీద పోవడానికి చోటున్న చిన్న ఊళ్ళకి విడి గొట్టాలు. ఆరోగ్యం విషయంలో ఒకటి రెండోదానికన్నా గొప్పదనడానికి ఆధారం లేదన్నాడు. వేరింగ్ అప్పటికే తన పద్ధతికి పేటెంట్లు తీసుకుని ఊరూరా అమ్ముతున్నాడు. చవగ్గా అవుతుందంటే చిన్న ఊళ్ళు ఎగబడ్డాయి. పెద్ద నగరాలు పాత సొరంగాలతోనే ఉండిపోయాయి. వాటి ఫలితం ఇప్పుడు చూస్తున్నాం. దేశంలో దాదాపు 700 ఊళ్ళలో నేటికీ కలిపి పారే కాలువలున్నాయి, పెద్ద వాన పడితే మురుగు నేరుగా నదిలోకి పొంగుతుంది. డబ్బున్నవాళ్ళు కట్టుకున్నదాన్ని విడదీయడానికి ఇప్పుడు వేల కోట్ల డాలర్లు పోస్తున్నారు.

ఇంతకీ యెల్లో ఫీవర్ ఏమైంది? 1879 తరవాత మెంఫిస్ లో అది పెద్ద ఎత్తున మళ్ళీ రాలేదు. ఊరంతా గొట్టాల మహిమ అనుకుంది, వేరింగ్ పేరు మారుమోగింది. అసలు సంగతి వేరు. యెల్లో ఫీవర్ కి మురుగుతో సంబంధం లేదు. అది దోమ వల్ల వచ్చేది. మనకి డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమే. క్యూబా డాక్టరు కార్లోస్ ఫిన్లే 1881లోనే దోమ అని చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1900లో వాల్టర్ రీడ్ బృందం హవానాలో రుజువు చేసింది. ఈ దోమ మురికి కాలువలో కాదు, మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న వాన నీళ్ళ తొట్లు ఉన్నాయే, వాటిలో. 1887లో ఒక ఐసు కంపెనీ బావి తవ్వుతుంటే మెంఫిస్ కింద లోతున అపారమైన శుభ్రమైన నీటి ఊట బయటపడింది. ఆ నీళ్ళు ఇంటింటికీ కొళాయిల్లో వచ్చాక పెరటి తొట్ల అవసరం తగ్గింది. దోమకి ఇల్లు పోయింది. మెంఫిస్ నేటికీ ఆ భూగర్భ జలాన్నే తాగుతోంది.

అయితే గొట్టాలు వృథా అయ్యాయా అంటే కాదు. గోతులు మూసేస్తే, బావుల్లోకి ఇంకే మలినం తగ్గితే, టైఫాయిడూ విరేచనాలూ తగ్గుతాయి. ఎందుకు వేస్తున్నామో తప్పుగా అనుకున్నా, వేసింది మాత్రం పనికొచ్చింది. 1880లో 33,592కి పడిపోయిన జనాభా 1890కి 64,495, 1900కి 1,02,320 అయింది. 1893లో ఊరికి నగరం హోదా తిరిగి వచ్చింది.

వేరింగ్ తరవాత న్యూయార్క్ వీధుల్ని శుభ్రం చేసే శాఖకి అధిపతి అయ్యాడు. ఊడ్చేవాళ్ళకి తెల్ల బట్టలు తొడిగించి, రోడ్ల మీద గుట్టలుగా పేరుకున్న చెత్తని తీయించాడు. 1898లో స్పెయిన్ తో యుద్ధం అయ్యాక, హవానాకి మురుగు వ్యవస్థ ఎలా వేయాలో చూసి రమ్మని ప్రభుత్వం పంపితే వెళ్ళాడు. తిరిగొచ్చిన కొద్ది రోజులకే, అక్టోబరు 29న, యెల్లో ఫీవర్ తో చనిపోయాడు.

హవానా నుంచి మన హైదరాబాదు వైపు ఒక్క క్షణం. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి వేలమంది పోయాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ఎగువన జలాశయాలు కట్టమన్నారు, దాంతో పాటు నగరానికి భూగర్భ డ్రైనేజీ కూడా కావాలన్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అక్కడ కూడా ముందు ఉపద్రవం, తరవాతే గొట్టం. తేడా ఏమిటంటే అది రాజధాని, వెనక నిజాం ఖజానా ఉంది. మన కోస్తాలో, తెలంగాణలో, రాయలసీమలో చిన్న మునిసిపాలిటీల్లో పెరిగినవాళ్ళకి సైడు కాలువ, సెప్టిక్ టాంకు తెలిసినంతగా భూగర్భ డ్రైనేజీ తెలియదు. ఇప్పటికీ చాలా ఊళ్ళలో అదే పరిస్థితి. వాటికి నిజామూ లేడు, చేయి తిరిగిన పన్ను ఆదాయమూ లేదు. అందుకే మెంఫిస్ కథ రాజధానుల కథల కన్నా మన చిన్న ఊళ్ళకి దగ్గర అనిపిస్తుంది నాకు.

మళ్ళీ మెంఫిస్ కి. గొట్టం వేయడం ఒక ఖర్చు, దాన్ని నడపడం ఇంకో ఖర్చు. ఆ రెండో ఖర్చు ఎవరి వీపు మీద పడిందో 1968లో బయటపడింది. జనవరి చివర్లో ఒక వాన రోజున మురుగు శాఖలో పనిచేసే 22 మంది నల్ల కార్మికులని పని లేదని ఇంటికి పంపేశారు. తెల్ల సూపర్వైజర్లు మాత్రం ఉండిపోయి జీతం తీసుకున్నారు. ఫిబ్రవరి 1న ఇద్దరు చెత్త కార్మికులు వాన తప్పించుకోవడానికి బండి వెనక ఎక్కితే యంత్రం నలిపేసింది. 1,300 మంది సమ్మె కట్టారు. కింగ్ గారు మెంఫిస్ వచ్చింది ఆ సమ్మె కోసం. ఏప్రిల్ 4న ఆయన్ని చంపేశారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్ని గుర్తించి జీతాలు పెంచింది. లొరైన్ మోటెల్ కి వెళ్ళే మనవాళ్ళు కింగ్ గారు ఆ ఊరు ఎందుకొచ్చారో పిల్లలకి చెబుతారా అని నాకు సందేహం.

ఇక ఆ గొట్టాల్లోది ఎక్కడికి పోయేది? నదిలోకి. శుద్ధి లేదు, ఏమీ లేదు. మిసిసిపీ పెద్ద నది, అన్నీ కలిపేసుకుంటుంది అనుకున్నారు. దిగువన ఉన్న ఊళ్ళవాళ్ళకి మెంఫిస్ లో ఓటు లేదు కదా. 1970ల నడుమ వరకు అంతే. 1972లో క్లీన్ వాటర్ చట్టం వచ్చి, శుద్ధి చేయకుండా వదలకూడదంది. అంతటితో ఆగకుండా శుద్ధి కేంద్రాల ఖర్చులో 75 శాతం ఫెడరల్ ప్రభుత్వమే గ్రాంటుగా ఇస్తానంది. దేశమంతా ఆ డబ్బుతోనే ప్లాంట్లు లేచాయి. మెంఫిస్ కూడా అప్పుడే కట్టుకుంది. 1981లో ఆ వాటాని 55 శాతానికి తగ్గించారు. 1987లో గ్రాంటు పద్ధతినే తీసేసి, రాష్ట్రాల దగ్గర ఒక నిధి పెట్టి, అందులోంచి తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వడం మొదలుపెట్టారు. తీర్చిన డబ్బు మళ్ళీ ఇంకో ఊరికి అప్పుగా వెళుతుంది. ఆలోచన బాగానే ఉంది. తీర్చగలిగిన ఊళ్ళకి.

ఊహకి ఒక లెక్క వేద్దాం. 400 ఇళ్ళున్న ఊరు. గొట్టాలకీ ప్లాంటుకీ కలిపి 80 లక్షల డాలర్లు అనుకోండి. ఇంటికి 20,000. ముప్పై ఏళ్ళ అప్పు అయినా వడ్డీతో నెలకి ఎనభై తొంభై డాలర్లు, దాని మీద నడిపే ఖర్చు. అదే ప్లాంటు కొంచెం పెద్దది 40,000 ఇళ్ళ ఊరికి కడితే ఇంటి వాటా ఎంతో తగ్గుతుంది. పైపు పొడవు ఇళ్ళ మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది, ఇంట్లో వాళ్ళ జీతాన్ని బట్టి కాదు. అందుకే 10,000 లోపు జనాభా ఉన్న ఊళ్ళకి వ్యవసాయ శాఖ వాళ్ళ గ్రామీణాభివృద్ధి విభాగం నలభై ఏళ్ళ గడువు దాకా అప్పులూ, మరీ బీద ఊళ్ళకి కొంత గ్రాంటూ ఇస్తుంది. మనలో కొందరు పెద్ద స్థలం కోసం ఊరి బయట ఇల్లు కొంటున్నారు. సెప్టిక్ టాంకు ఉందా, కౌంటీ వాళ్ళు రేపు గొట్టం వేస్తే కలుపుకోవడానికి మన వాటా ఎంత అని సంతకం పెట్టకముందే అడగండి. ఆ వాటాని ఇక్కడ అసెస్‌మెంట్ అంటారు, అది వేల డాలర్లలో ఉండవచ్చు.

మెంఫిస్ నుంచి కిందికి, అలబామాలో లౌండెస్ కౌంటీ అని ఉంది. సెల్మా నుంచి మాంట్‌గోమరీకి కింగ్ గారి పాదయాత్ర నడిచిన దారి అదే. అక్కడ నేల జిగురు బంకమట్టి, సెప్టిక్ టాంకు నీళ్ళు ఇంకవు. ఇళ్ళు దూరం దూరంగా, మనుషులు బీదవాళ్ళు, ఎక్కువమంది నల్లవాళ్ళు. చాలా ఇళ్ళ నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం పెరట్లోకి వెళ్ళి అక్కడే తెరుచుకుంటుంది. 2017లో అక్కడ జరిగిన పరీక్షల్లో కొంకిపురుగు ఆనవాళ్ళు దొరికాయి. ఇది అమెరికా సంగతి, మన మారుమూల పల్లె సంగతి కాదు. 2023లో ఫెడరల్ న్యాయశాఖ రాష్ట్ర ఆరోగ్య శాఖతో ఒక ఒప్పందం చేయించింది, ఆ ఇళ్ళకి సెప్టిక్ ఏర్పాట్లు చేయాలని. 2025 ఏప్రిల్ లో న్యాయశాఖ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది.

మెంఫిస్ విషయానికొస్తే, 2012లో నగరం ఫెడరల్ ప్రభుత్వంతో కోర్టు ద్వారా ఒక ఒడంబడికకి వచ్చింది. పాత గొట్టాలు పగిలి, వాన నీళ్ళు లోపలికి చేరి, మురుగు పొంగి బయటికి వస్తున్నందుకు, సుమారు 25 కోట్ల డాలర్లు పెట్టి బాగు చేసుకోవాలని. వేరింగ్ బయటే ఉంచమన్న వాన నీళ్ళు పగుళ్ళలోంచి లోపలికి వచ్చేశాయన్నమాట. ఆ ఖర్చు కూడా మెంఫిస్ లో ఉన్నవాళ్ళ నెలవారీ బిల్లులోకే వస్తుంది. అక్కడ ఉంటున్న శ్రోతలు ఈ నెల బిల్లులో మురుగు అని ఉన్న వరుస ఒకసారి చూసుకోండి.